నూట నాలుగు అడుగు టీచరమ్మా: హన్మకొండలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం

మొదటిసారి ఆ దుకాణానికి పోయింది పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల్లో. చేతిలో రేడియో కట్టుకోవడానికి రాసుకున్న సామాన్ల చీటీ, చీటీలో మొదటి పద్దు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, పది. కౌంటర్ దగ్గరున్న పిల్లవాడు కెపాసిటర్ అన్న మాట వినగానే మిగతాది వినకుండా లోపలికి పోయి, నల్లటి ఫ్యాన్ కండెన్సర్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. రెండున్నర ఎంఎఫ్‌డీ, అంటే మైక్రోఫారడ్లు. సీలింగ్ ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే మార్చేది.

"ఇది కాదు బాబూ, ఇంకా చిన్నది."

"ఇంతకన్న చిన్నది ఫ్యానుకు రాదు మేడం."

వెనకాల స్టూలు మీద పాత యాంప్లిఫయర్ ఒకటి విప్పుకుని కూర్చున్న పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు. "నూట నాలుగు అడుగు టీచరమ్మా. డిస్కు."

నేను టీచర్నని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చీటీని పాఠం చదివినట్టు చదివి ఉంటాను. నూట నాలుగు అనగానే పిల్లవాడు ఒక సొరుగు లాగి, బొట్టుబిళ్లంత ఉన్న గోధుమరంగు బిళ్లలు పది లెక్కపెట్టి కాగితంలో చుట్టాడు. పది రూపాయలు. ఒక్కోదాని మీద కంటికి ఆనీ ఆననట్టు 104 అని అచ్చు.

ఫారడ్ అంటే ఏమిటో అడిగితే బోర్డు ముందు నిలబడి అరగంట చెప్పగలను. దాన్ని నూట నాలుగు అంటారని మాత్రం ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. మొదటి రెండంకెలు అంకెలే, మూడోది వాటి పక్కన పెట్టాల్సిన సున్నాల లెక్క. 10 పక్కన నాలుగు సున్నాలు, లక్ష పికోఫారడ్లు, అంటే 0.1 మైక్రోఫారడ్. 103 అయితే పదివేలు, అంటే 0.01. 222 అయితే 2,200 పికోఫారడ్లు. ఒట్టి 22 అని ఉంటే 22 పికోఫారడ్లే. పుస్తకం విలువ చెప్తుంది. దుకాణంలో మటుకు వస్తువు మీద ఏం అచ్చయి ఉంటే అదే దాని పేరు. ఆ పేరు తెలియకపోతే సరుకు ఎదురుగా సొరుగులో ఉన్నా మనకు లేనట్టే.

అందుకే మార్కులు ముందే వేసేస్తున్నాను, అలవాటు కొద్దీ. ఈ దుకాణానికి సరుకులో పదికి ఐదు, మాటలో పదికి తొమ్మిది. రేడియో కట్టుకోవాలనుకునేవాళ్లు ఇక్కడికి పోవాల్సింది ఆ తొమ్మిది కోసం.

నాకీ పిచ్చి ఎట్లా పట్టిందో కాస్త చెప్పాలి. మా నాన్న కాజీపేటలో రైల్వే టెలిగ్రాఫ్ పని చేసినవాడు. అన్నం తింటూ తింటూ కంచం అంచు మీద వేలితో టక్కు టకటక అని ఏదో కొట్టేవాడు, అమ్మ విసుక్కునేది. నలభై దాటాక నేను పోయి హామ్ రేడియో పరీక్ష రాశాను. లైసెన్సు తీసుకుని, సరదాకు సొంత సెట్టుతో దూరంలో ఉన్నవాళ్లతో మాట్లాడుకోవడమే హామ్ రేడియో. అందులో రెండు గ్రేడ్లు. జనరల్ గ్రేడ్‌కు మోర్స్, అంటే నాన్న కొట్టిన ఆ టక్కు టకటక భాష, రావాలి. లైసెన్సుతో ఇచ్చే పిలుపు పేరు, కాల్‌సైన్, వీయూ2తో మొదలవుతుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు, అది వీయూ3. నేను మోర్స్ అక్కర్లేనిదే రాశాను. నాన్న ఉంటే ఏమనేవాడో ఊహించుకోగలను.

లైసెన్సు వచ్చాక సెట్టు కొనాలంటే ధరలు చూసి గుండె జారింది. సరే, మాట్లాడటం తర్వాత, ముందు వినడానికి 40 మీటర్ల బ్యాండు రిసీవర్ ఒకటి సొంతంగా కట్టుకుందాం అనుకున్నాను. మన దేశంలో ఆ బ్యాండు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా. పగటిపూట కొన్ని వందల కిలోమీటర్లు, రాత్రయితే ఇంకా దూరం పలుకుతుంది. డైరెక్ట్ కన్వర్షన్ అనే పద్ధతి ఎంచుకున్నాను. యాంటెనా నుంచి వచ్చే 7.1 మెగాహెర్ట్జ్‌ను, మనం ఇంట్లో వెంట్రుకవాసి తేడాతో పుట్టించిన 7.1తో కలిపితే రెండింటి తేడా నేరుగా చెవికి వినిపించే శబ్దం అవుతుంది. కాగితం మీద ఇంత తేలికైంది ఇంకోటి ఉండదు.

దుకాణం హన్మకొండ చౌరస్తాకు నడిచిపోయేంత దూరంలో, మొబైల్ కవర్లు వేలాడదీసిన వరుస దాటాక వచ్చే సందులో ఉంది. బోర్డు మీద పేరు ఎండకు వెలిసిపోయింది, చుట్టుపక్కల వాళ్లంతా రేడియో షాపు అనే అంటారు. లోపల ఇద్దరు కొనేవాళ్లు నిలబడితే మూడోవాడు మెట్టు మీదే. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. పాత క్యాలెండర్ కాగితం ముక్కల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి అంటించారు. గంట సేపు మెట్టు మీద నిలబడి ఆ పేర్లు చదివితే సగం డిక్షనరీ వచ్చేస్తుంది.

రెసిస్టర్ అని ఎక్కడా లేదు, రెసిస్టెన్స్ అని ఉంది. వేరియబుల్ రెసిస్టర్‌కు రెండు సొరుగులు. కాడ ఉండి చేత్తో తిప్పేదైతే వాల్యూమ్, స్క్రూడ్రైవర్‌తో తిప్పేదైతే ప్రీసెట్. దాన్ని నువ్వు దేనికి వాడుకున్నా సరే, కాడ ఉంటే అది వాల్యూమే. పవర్ సప్లై అంటే అర్థం కాదు, ఎలిమినేటర్ అనాలి. బ్యాటరీని తప్పించేది కాబట్టి ఆ పేరు, తర్వాత బ్యాటరీ మాట రాలిపోయి తప్పించేది ఒక్కటే మిగిలింది. వేరియబుల్ కెపాసిటర్‌ను గ్యాంగ్ అనాలి. రేడియోలో స్టేషన్ తిప్పితే తిరిగేది అదే. పాతవి అల్యూమినియం రేకులవి, ఇప్పుడు దొరికేవి తెల్లటి ప్లాస్టిక్ పెట్టెలవి, వాటిని పీవీసీ గ్యాంగ్ అంటారు. ఐఎఫ్‌టీ, అంటే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌ఫార్మర్, సొరుగులో పసుపు, తెలుపు, నలుపు తలల చిన్న రేకు డబ్బాలు. ట్రాన్సిస్టర్ రేడియోలో 455 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి. ఎర్ర తల ఉన్నది ఆసిలేటర్ కాయిల్. రంగు చెప్తే చాలు, సొరుగు తెరుచుకుంటుంది.

పెద్దాయనను అందరూ కాకా అంటారు, నేనూ అదే అంటాను. రేడియో రిపేరు చేసే రోజుల్లో మొదలుపెట్టిన దుకాణం. అప్పట్లో జనం రేడియో ఇచ్చి, వార్తల టైముకు పలకాలె అని మెట్టు మీద కూర్చునేవాళ్లట. ఇప్పుడు వచ్చేది రెండు రకాలు. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మెకానిక్కులు ఏడాది పొడుగునా. ఫిబ్రవరి, మార్చిలో మటుకు ఇంజనీరింగ్ పిల్లలు. వరంగల్ చుట్టూ కాలేజీలకు కొదువేం ఉంది! వాళ్లు వచ్చి "అంకుల్, ప్రాజెక్ట్ ఉందా?" అని అడుగుతారు, ఇడ్లీ ఉందా అన్నట్టు. అందుకని నానో బోర్డులు, అల్ట్రాసోనిక్ సెన్సర్లు, బ్లూటూత్ మాడ్యూళ్లు, ఎల్‌ఎం386లు ఎప్పుడూ ఉంటాయి. నా రిసీవర్‌కు కావాల్సినవాటిలో ఆ ఎల్‌ఎం386 ఒక్కటే మొదటిరోజు అడగ్గానే దొరికింది. చెవికి వినిపించే శబ్దాన్ని స్పీకర్ దాకా తోసే చిన్న ఐసీ అది.

పుస్తకం భాష, దుకాణం భాష కాక మూడో భాష ఒకటి నేను పట్టుకుపోయాను. బ్యాండు మీద హామ్‌లు మాట్లాడుకునే భాష. అది దుకాణంలో ఎవరికీ తెలియదు, అక్కడ నేను పడ్డ పాట్లు చెప్పాలి. ఒకరోజు కాకా లేడు. పిల్లవాడిని బాలన్ ఉందా అని అడిగాను.

"బాలన్న ఇయ్యాల రాలేదు మేడం, రేపొస్తడు."

సరుకు తెచ్చే ఆటో ఆయన పేరు బాలన్నట. మరుసటి రోజు కాకాకు చెప్తే కడుపు పట్టుకుని నవ్వి, అటక మీది నుంచి దుమ్ము పట్టిన రేకు డబ్బా ఒకటి దింపాడు. నిండా నల్లటి పూసలు, ఒక్కోదానికి రెండు తూట్లు. "గీ టీవీ బాలన్లేనా?" అవే. ఇంటి కప్పు మీద దూరదర్శన్ యాంటెనా ఉన్న రోజుల్లో, యాంటెనా నుంచి వచ్చే 300 ఓంల రిబ్బన్ వైరును 75 ఓంల కేబుల్‌కు కలపడానికి వీటి మీద తీగ చుట్టేవాళ్లు. రిబ్బన్ వైరులో రెండు తీగలూ సమానం, దానికి బ్యాలెన్స్ ఉంది. కేబుల్‌లో ఒకటి మధ్య తీగ, ఒకటి చుట్టూ జాలీ, దానికి లేదు. ఇటు బ్యాలెన్స్, అటు అన్‌బ్యాలెన్స్, రెండు మాటల ముందు ముక్కలు అతికిస్తే బాలన్. కేబుల్ టీవీ వచ్చాక అవి ఎవరికీ పట్టలేదు. కాకా మూడు రూపాయలకు ఒకటి చొప్పున ఇరవై ఇచ్చాడు, ఇన్నేళ్ల తర్వాత అడిగేవాళ్లు దొరికారన్న సంతోషంలో రెండు ఎక్కువే వేశాడు.

ఆ పూసల కోసం నేనెందుకంత పట్టుబట్టానంటే, హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ అని ఒకాయన ఉన్నాడు, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ. ఆయన గీసిన బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్, అంటే వినడానికీ మాట్లాడటానికీ ఒకటే సెట్టు, ప్రపంచమంతా హామ్‌లు కట్టుకున్నారు. మొదటి బిట్‌ఎక్స్‌లో ఆయన పట్టుకున్న సూత్రం ఒకటే. మన దేశంలో మామూలు దుకాణంలో దొరకని వస్తువు వాడకూడదు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బాలన్ పూసలు, కాయిళ్లకు నల్లాలో వేసే వాషర్లు. విదేశీ సర్క్యూట్లలో ప్రతిచోటా టొరాయిడ్ అని ఉంటుంది, గారె ఆకారంలో ఇనుప పొడితో చేసిన చుట్టు. కాకాను టొరాయిడ్ అడిగితే స్టెబిలైజర్‌లో వేసే అరచేయంత చుట్టు చూపించాడు. నాకు కావాల్సింది వేలి ఉంగరంకన్నా చిన్నది. నల్లా వాషర్ సంగతి చెప్తే నమ్మలేదు. ఎదురుగా ఉన్న హార్డ్‌వేర్ షాపుకు తనే వచ్చి అరంగుళం ప్లాస్టిక్ వాషర్లు అడిగాడు. "ఎన్ని నల్లాలు కారుతున్నయి కాకా?" అని ఆ షాపాయన. "ఒక్కటి గూడ లేదు, రేడియో జేస్తున్నం" అన్నాడు కాకా. ఆయన మళ్లీ ఏం అడగలేదు.

వాషర్‌కు అయస్కాంత గుణం లేదు కాబట్టి చుట్లు ఎక్కువ పడతాయి, తీగ వరుసగా పడేలా చుట్టాలంటే ఓపిక కావాలి. మా చిన్నోడు ఒక చివర పట్టుకుంటే నేను సూదిలో దారం ఎక్కించినట్టు ఒక్కో చుట్టు దూర్చుకుంటూ పోయాను. తెలుగు సినిమా ఒకటి అయ్యేలోపు రెండు వాషర్లు.

ఇక నేను ఈ దుకాణం మీద కోపం తెచ్చుకున్న సంగతి. రిసీవర్‌లో 7.1 మెగాహెర్ట్జ్ పుట్టించే ముక్కను వీఎఫ్‌ఓ అంటారు. దానికి 2ఎన్3904 ట్రాన్సిస్టర్ రెండు కావాలని రాసిచ్చాను. కాకా భోజనానికి పోయాడు. పిల్లవాడు బీసీ547 ఇచ్చి "రెండూ ఒకటే మేడం, అందరూ ఇదే తీస్కపోతరు" అన్నాడు. పనిలో నిజమే, రెండూ చిన్న ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లే. తెచ్చి సర్క్యూట్లో గీసినట్టే సోల్డర్ చేశాను. ఏ చప్పుడూ లేదు. షార్ట్‌వేవ్ ఉన్న పాత రేడియో పక్కన పెట్టి 7 మెగాహెర్ట్జ్ చుట్టూ మెల్లగా తిప్పి చూశాను. వీఎఫ్‌ఓ పలుకుతుంటే ఆ చోట రేడియోలోని బుస్సుమనే చప్పుడు ఒక్కసారి అణగిపోవాలి. బుస్సు తగ్గలేదు. కాయిల్ విప్పి మళ్లీ చుట్టాను. 104లు అన్నీ మార్చాను. రెండు సాయంత్రాలు, పదో తరగతి పేపర్లు దిద్దడం కూడా పక్కన పెట్టి.

మూడో రోజు బోర్డు అట్లాగే పట్టుకుపోయి కాకా ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, బోర్డును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, అరనిమిషం చూశాడు. మీటర్ ముట్టుకోలేదు.

"నంబర్ మారితే కాళ్లు మారుతయి టీచరమ్మా."

అంతే సంగతి. అచ్చు ఉన్న చదును వైపు మనకు ఎదురుగా, కాళ్లు కిందికి పెట్టి చూస్తే, 2ఎన్3904కి ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. మధ్యలో ఉన్న బేస్ ఒక్కటే రెండింటికీ కలిసింది. నేను ట్రాన్సిస్టర్‌ను తలకిందులుగా పనిచేయమని రెండు రోజులు బతిమాలుతున్నానన్నమాట. కాకా అక్కడే దాన్ని పీకి, అటు తిప్పి ఇటు పెట్టి, టాకా వేసి ఇచ్చాడు. ఇంటికి పోయి రేడియో పక్కన పెట్టాను. తిప్పుతూ తిప్పుతూ పోతే ఒకచోట బుస్సు చప్పున ఆగిపోయింది, గదిలో ఎవరో ఫ్యాన్ ఆపేసినట్టు. రాత్రి పదకొండున్నర. మా ఆయనను లేపాను. లేపకుండా ఉండాల్సింది.

పిల్లవాడిని కాకా తిట్టాడు గాని డబ్బులేం వెనక్కి ఇవ్వలేదు. నాలుగు రూపాయల సరుకు, నేనూ అడగలేదు. ఈ దుకాణంలో అసలు ఏదీ వెనక్కి తీసుకోరు, బిల్లు కూడా ఇవ్వరు. స్కానర్ ఉంది, ఫోన్‌తో కట్టొచ్చు, ఆ మెసేజే బిల్లు. ఇక్కడ కొన్న చవక మల్టీమీటర్ మూడు వారాలకు, తీగ తెగిందో లేదో చెప్పే కంటిన్యుటీ బీప్ మానేసింది. పట్టుకుపోతే "బీప్ లేకున్నా సూది కొడ్తది కదా" అన్నాడు. అది డిజిటల్ మీటర్, దానికి సూదే లేదు.

కేబుల్ విషయంలోనూ కొట్లాడటానికే బయలుదేరాను. మిద్దె మీద డైపోల్ అనే తీగ యాంటెనా కట్టడానికి 50 ఓంల ఆర్‌జీ-58 కేబుల్ పదిహేను మీటర్లు కావాలని చెప్పాను. ఇంటికొచ్చి చూస్తే కాకా ఇచ్చింది తెల్లటి ఆర్‌జీ-6, అది డిష్ టీవీకి వేసే 75 ఓంల కేబుల్. దుకాణానికి పోతూ సగం దారిలో బండి ఆపి లెక్క వేసుకున్నాను. సగం తరంగమంత పొడుగున్న డైపోల్‌కు మధ్యలో ఉండే ఇంపెడెన్స్, అంటే ఓంలలో కొలిచే అడ్డు, చుట్టూ ఏమీ లేని ఖాళీ ప్రదేశంలో అయితే, 73 ఓంల దాకా. అంటే 75 ఓంల కేబుల్ దానికి దగ్గరి చుట్టమే. 50 ఓంల సెట్టుకు ఈ కేబుల్ తగిలిస్తే 75ను 50తో భాగిస్తే ఒకటిన్నర. రెండింటికీ పొత్తు ఎంత కుదిరిందో చెప్పే ఈ లెక్కను ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు, పూర్తిగా కుదిరితే 1. వినడానికి అది లెక్కలోకే రాదు. బండి తిప్పి ఇంటికి పోయాను. కాకాకు ఇదంతా తెలిసి ఇచ్చాడా, ఆర్‌జీ-58 అయిపోయి ఇచ్చాడా అన్నది నేను అడగలేదు. అయిపోయే ఇచ్చి ఉంటాడు.

డైపోల్ గురించి రెండు ముక్కలు. పాత సూత్రం, 468ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అడుగులు వస్తాయి. 7.1కి దాదాపు 66 అడుగులు, చెరో వైపు 33. మా నీళ్ల ట్యాంకు నుంచి పక్కింటి వేపచెట్టు దాకా సరిగ్గా పట్టింది. పక్కింటి అత్తమ్మ అది బట్టలారేసే దండెం అనుకుని రెండు రోజులు చూసి, మూడోరోజు ఒక తువ్వాలు వేసింది. నేనేం అనలేదు. రెండోసారి మటుకు చెప్పాను.

ఎలిమినేటర్ ముచ్చట ఈ దుకాణంలో నేను విన్న మంచి పాఠం. రిసీవర్ పలకడం మొదలయ్యాక బ్యాండంతా ఒకటే గీగీమనే మోత. హామ్ భాషలో దీన్ని క్యూఆర్‌ఎం అంటారు, మనుషుల వల్ల పుట్టే గోల. ఉరుములు, మెరుపుల వల్ల వచ్చేది క్యూఆర్‌ఎన్. నాది మనిషి చేసిందే, 12 ఓల్టుల అడాప్టర్. కాకాకు చెప్తే రెండు అడాప్టర్లు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు. ఒకటి దూదిలాగా ఉంది. ఇంకోటి బియ్యం గిద్దెలో నిండుగా పోసినట్టు బరువు.

"తేలికది లోపల కోసుకుంటది. బరువుది గుంజుకుంటది. నీ రేడియోకు బరువుది తీస్కపో."

తేలికది స్విచ్చింగ్ రకం. అది సెకనుకు వేల సార్లు కరెంటును తెగ్గొట్టి అతికిస్తుంది, ఆ తెగ్గొట్టడం వల్ల పుట్టిన హార్మోనిక్స్, అంటే దాని రెట్ల ఫ్రీక్వెన్సీలు, 7 మెగాహెర్ట్జ్ దాకా ఎగబాకుతాయి. బరువుది ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్, దానికి ఆ గోల తెలియదు. పాఠంలో నేను ఇదే చెప్పాలంటే రెండు బొమ్మలు గీస్తాను. ఆయన రెండు చేతుల్లో పెట్టాడు. బరువుది వాడితే గీగీ పోయింది గాని సన్నటి గుర్రు మిగిలింది, ఈ రకం రిసీవర్లకు అది పుట్టుకతో వచ్చే జబ్బు. చివరికి యూపీఎస్‌లో వేసే 12 ఓల్టుల బ్యాటరీ పెట్టుకున్నాను, అంతా నిశ్శబ్దం. అత్తమ్మ వాళ్ల వరండాలో ఎల్‌ఈడీ బల్బు వేసినప్పుడు మటుకు గీగీ మళ్లీ వస్తుంది. తువ్వాలు విషయం నడుస్తుండగా బల్బు సంగతి ఎత్తడం బాగుండదని ఊరుకున్నాను.

ఇంకో లోపం వీఎఫ్‌ఓది, దుకాణానిది కాదు. గ్యాంగ్ తిప్పి ఒక స్టేషన్ పట్టుకుంటే పది నిమిషాలకు జారిపోతుంది. డ్రిఫ్ట్ అంటారు. ఫ్యాన్ గాలి తగిలినా జారుతుంది, చెయ్యి దగ్గరికి తెచ్చినా జారుతుంది. స్వీట్ల డబ్బా రేకుతో మూత చేసి పెట్టాక కొంత కుదుటపడింది. రాత్రయితే పక్కనే 41 మీటర్ల బ్యాండులోని ప్రసార స్టేషన్లు పిలవని పేరంటానికి వచ్చినట్టు దూరిపోతాయి. పొద్దున్నే బాగుంటుంది.

అట్లాంటి ఒక పొద్దున, బడికి తయారవుతూ, గొణుగుడు మధ్యలోంచి "సీక్యూ, సీక్యూ, ఫార్టీ మీటర్స్" అని ఒక మగ గొంతు వినిపించింది. సీక్యూ అంటే ఎవరైనా ఉంటే పలకండి అని. వెనకే వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్. ఇంకెవరో పలికారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి హిందీలోకి జారిపోయి, వానలు, బీపీ మాత్రలు, మనవరాలి పెళ్లి మాట్లాడుకున్నారు. జడ సగంలో వదిలేసి కూర్చున్నాను. ఆ రోజు బడికి పావుగంట ఆలస్యం.

సాయంత్రం కాకాకు చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఏమన్నరు వాళ్లు?"

"ఒకాయన ఇంకొకాయనకు ఫైవ్ నైన్ ఇచ్చాడు కాకా."

"ఎన్ని మార్కులకు?"

ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. మాట ఎంత స్పష్టంగా అర్థమైందన్నది ఐదుకు, సిగ్నల్ ఎంత బలంగా ఉందన్నది తొమ్మిదికి. ఫైవ్ నైన్ అంటే ఐదుకు ఐదు, తొమ్మిదికి తొమ్మిది. చాలామంది సరిగ్గా వినపడకపోయినా మర్యాదకు అదే ఇచ్చేస్తారు, మా స్టాఫ్ రూమ్‌లో ప్రాజెక్టు మార్కులు వేసినట్టు.

"చివర్లో సెవెంటీ త్రీ అనుకున్నారు."

"అదేం నంబరు? ఐసీనా? కాళ్లెన్ని?"

తీగ మీద టెలిగ్రాం నడిచిన కాలపు అమెరికా కోడు అది, శుభాకాంక్షలు అని అర్థం అని చెప్పాను. డైపోల్ ఓంలు కూడా అంతే అని చెప్పబోయి ఆగాను, కేబుల్ సంగతి బయటపడుతుందని. పిల్లవాడికి మాత్రం అది తెగ నచ్చింది. ఇప్పుడు నేను మెట్టు దిగుతుంటే వెనక నుంచి "డెబ్బై మూడు మేడం!" అని అరుస్తాడు. సందులో వాళ్లకు నేనేదో బాకీ ఉన్నాననుకుంటున్నట్టున్నారు.

పోవాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు. పది గంటలకు తెరుస్తారు, ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా కాకా ఉండడు. ఆ టైములో పోయేవాళ్లు తమ ట్రాన్సిస్టర్ కాళ్లు తామే చూసుకోవాలి. పేరు తెలియని వస్తువైతే పాడైన ముక్కనే పట్టుకుపోండి, లేదా దాని మీది అచ్చు ఫొటో తీసుకోండి, విలువ చెప్పి లాభం లేదు. సోల్డర్ తీగ ఇక్కడ కొనకండి, మెరుపు రాక బూడిదరంగు గడ్డలు కడుతుంది. నేను 60/40 (తగరం అరవై, సీసం నలభై పాళ్లు) అని రాసి ఉన్నది బయట తెప్పించుకుంటున్నాను. వాకీటాకీలు అడగకండి, ఉంచరు. "లైసెన్సు చూపిచ్చేటోడు అడగడు, అడిగేటోనికి లైసెన్సుండదు" అంటాడు కాకా, ఆ లెక్క సరైనదే.

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలున్న కోఠి గుజరాతీ గల్లీతో పోలిస్తే సరుకులో ఇది పదో వంతు కూడా కాదు. అక్కడ టొరాయిడ్లు, క్రిస్టల్స్, కనెక్టర్లు ఏ దుకాణంలో అడిగినా ఏదో ఒకటి దొరుకుతుంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి వచ్చేయొచ్చు. కాని అక్కడ కౌంటర్ ముందు జనం మూడు వరుసలుంటారు, పేరు తప్పు చెప్తే పక్కవాడిని పిలుస్తారు. ఆన్‌లైన్‌లో అయితే రెసిస్టెన్స్ ధర రూపాయి, పంపే ఖర్చు డెబ్బై. పైగా అక్కడ బోర్డును ముక్కు దగ్గర పెట్టుకుని చూసే మనిషి ఎవరున్నారు?

మా ఆయనకు ఇంట్లో నా బల్ల ఉన్న మూలను షాక్ అంటారని ఈ మధ్యే చెప్పాను. హామ్‌లు తమ రేడియో గదిని అట్లాగే అంటారు, గుడిసె అని అర్థం. పాపం, ఒకరోజు ఫోన్‌లో "అమ్మ షాక్‌లో ఉంది" అని మా చిన్నోడు చెప్తే ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు.

ప్రస్తుతం నా డబ్బాకు బీఎన్‌సీ సాకెట్లు రెండు కావాలి. యాంటెనా కేబుల్‌ను మెలితిప్పి తగిలించే రకం. సోమవారం వస్తయి అన్నాడు కాకా. ఇది మూడో సోమవారం. బాలన్న రాలేదట.